మూడుసార్లు విరిగిన ఫోర్క్

టూర్ డి ఫ్రాన్స్ విజేతల జాబితా ఎప్పుడైనా ఫోన్‌లో తెరిచి చూశారా? లేకపోతే ఇప్పుడు తెరవండి. 1903 పక్కన మొదటి పేరు మారిస్ గారిన్. అక్కడి నుంచి కిందికి స్క్రోల్ చేస్తూ పోండి. పెటీ బ్రెటాన్, ఫాబేర్, లాపీజ్, దెఫ్రాయ్, తీస్, లాంబో... ఎంత వెతికినా యూజీన్ క్రిస్టోఫ్ అనే పేరు మీకు దొరకదు. పదకొండుసార్లు ఆ పోటీలో దిగాడు. ఒక్కసారి కూడా గెలవలేదు.

మరి అతని గురించి ఇంత రాయడం ఎందుకంటారా? పిరనీస్ పర్వతాల్లో ఒక చిన్న ఊళ్లో అతని పేరుతో ఫలకం ఉంది, విగ్రహం ఉంది. ఆ ఊళ్లో అతను రేసేమీ గెలవలేదు. కమ్మరి కొలిమి దగ్గర నిలబడి తన సైకిల్ తనే బాగుచేసుకున్నాడు. అంతే. ఆ రోజు కథా, దానికి ముందూ వెనకా ఉన్న ఇరవై రెండేళ్ల కెరియరూ ఇప్పుడు రెజ్యూమె పట్టుకుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మీరు తెలుసుకోవాల్సినవి అనిపించి రాస్తున్నా. దీన్ని మోటివేషన్ క్లాసులా చదవకండి. చేతిలో పని ఉన్న ఒక మనిషి సర్వీస్ రికార్డులా చదవండి.

తాళాల పని నుంచి రేసుల్లోకి

క్రిస్టోఫ్ 1885 జనవరి 22న పారిస్‌లో పుట్టాడు. నేర్చుకున్న పని తాళాలు చేయడం. అప్పట్లో ఆ పనంటే తాళంచెవికి పళ్లు కోయడం ఒక్కటే కాదు. గేట్లు, తలుపు బందులు, గడియలు, కిటికీ కమ్ములు... ఇంటికి కావాల్సిన ఇనుప పని చాలావరకు అందులోకే వస్తుంది. ఇనుము ఎంత ఎర్రబడితే వంగుతుందో, ఎంత దాటితే పాడవుతుందో కంటితో చూసి తెలుసుకోవాలి. ఈ వివరం కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

1904లో, 19 ఏళ్లకు ప్రొఫెషనల్ రైడర్ అయ్యాడు. అప్పుడు ప్రొఫెషనల్ అంటే ఏమిటో ఒక మాట చెప్పాలి. సైకిల్ కంపెనీలు, టైర్ కంపెనీలు తమ సరుకు గట్టిదని జనానికి చూపించుకోవడానికి రైడర్లను జీతాల మీద పెట్టుకునేవి. పత్రికలేమో తమ కాపీలు అమ్ముకోవడానికి రేసులు పెట్టేవి. టూర్ డి ఫ్రాన్స్ పుట్టుక కూడా అలాంటిదే. లోటో అనే క్రీడా పత్రిక తన పోటీ పత్రికను దెబ్బకొట్టడానికి 1903లో దాన్ని మొదలుపెట్టింది. ఆ పత్రిక ఎడిటర్ ఆన్రి దెగ్రాంజ్. రేసు ఆయనదే, రూల్స్ ఆయనవే, మర్నాడు పేపర్లో తీర్పు కూడా ఆయనదే. అంటే రైడర్‌కి ఇద్దరు బాసులు: జీతమిచ్చే కంపెనీ, రూల్ పెట్టే పత్రిక. ఈ రెండింటి మధ్య నలిగిన వాళ్లలో క్రిస్టోఫ్‌ది మొదటి వరుస.

సైకిల్ సంగతి కూడా చూడండి. ఉక్కు ఫ్రేమ్, ఇవాళ్టి రేసు సైకిల్‌కు దాదాపు రెట్టింపు బరువు. గేర్లు మార్చే డీరైలర్‌ను టూర్‌లో 1937 దాకా అనుమతించలేదు. వెనక చక్రానికి రెండు పక్కలా వేర్వేరు సైజు పళ్ల చక్రాలు ఉండేవి. కొండ వస్తే దిగాలి, చక్రం ఊడదీయాలి, తిప్పి బిగించాలి, ఎక్కాలి. కొండ దిగేముందు మళ్లీ అదే పని. స్పేర్ టైర్లు ఎనిమిది అంకెలా మడిచి భుజాల చుట్టూ వేసుకునేవాళ్లు. రోడ్లు చాలాచోట్ల మట్టీ కంకరా. ఒక్కో స్టేజ్ 300, 400 కిలోమీటర్లు ఉండటంతో అర్ధరాత్రో తెల్లవారుజామునో బయల్దేరేవాళ్లు.

1906లో మొదటి టూర్‌లోనే క్రిస్టోఫ్‌కి తొమ్మిదో స్థానం. 1909లో మళ్లీ తొమ్మిదే. పేరు మాత్రం వేరేచోట వచ్చింది. చలికాలంలో జరిగే సైక్లోక్రాస్ అనే పోటీ ఉంటుంది. బురద, గట్లు, మెట్లు, వాగులు. సైకిల్ తొక్కగలిగినంత దూరం తొక్కి, కుదరనిచోట భుజాన వేసుకుని పరుగెత్తాలి. 1909 నుంచి 1914 వరకు వరసగా ఆరేళ్లు ఫ్రాన్స్ జాతీయ చాంపియన్ అతనే. యుద్ధం తర్వాత 1921లో, 36 ఏళ్ల వయసులో ఏడోసారి గెలిచాడు. భుజం మీద సైకిల్‌తో పరుగెత్తడం అతనికి అలవాటైన పని. అదీ తర్వాత అవసరపడింది.

మంచులో ఒక్కడే

1910 ఏప్రిల్ 3. ఇటలీలో మిలాన్ నుంచి సాన్ రెమో వరకు దాదాపు 290 కిలోమీటర్ల రేసు. ఏప్రిల్ కదా, ఎండాకాలం మొదలనుకుంటాం మనం. అక్కడ ఆ రోజు వాన, ఈదురుగాలి, పైకి వెళ్లేకొద్దీ మంచు. టుర్కీనో కనుమ దగ్గరికి వచ్చేసరికి చక్రాలు కూరుకుపోయేంత మంచు. క్రిస్టోఫ్‌కి కడుపునొప్పి, కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయాయి. రోడ్డు పక్కన కదల్లేక నిలబడిపోయిన అతన్ని ఒక స్థానికుడు చూసి దగ్గర్లోని పూటకూళ్లింటికి తీసుకెళ్లాడు. ఇతనికి ఇటాలియన్ రాదు, వాళ్లకు ఫ్రెంచ్ రాదు. తడి బట్టలు విప్పించి, దుప్పటి కప్పి, నిప్పు దగ్గర కూర్చోబెట్టారు. కాసేపటికి మరికొందరు రైడర్లు కూడా అక్కడికే చేరారు. వాళ్ల చేతులు ఎంతగా గడ్డకట్టాయంటే నేరుగా మంటలోకి పెట్టేస్తున్నారట.

దాదాపు అరగంట తర్వాత క్రిస్టోఫ్ లేచాడు. ఆ ఇంటాయన ఇచ్చిన పొడుగు ప్యాంటు వేసుకుని, అందరూ వద్దంటున్నా బయటికి వచ్చి సైకిల్ ఎక్కాడు. పన్నెండు గంటలకు పైగా తొక్కి సాన్ రెమో చేరినప్పుడు, దారి తప్పి వచ్చానేమో అని అనుమానపడ్డాడు. ఎందుకంటే అతనికి ముందు ఎవరూ లేరు. తర్వాతి రైడర్ గంట దాటాక వచ్చాడు. అరవై మందికి పైగా బయల్దేరితే చివరికి ఫలితాల పట్టికలోకి ఎక్కింది నలుగురే.

ఇది అతని కెరియర్‌లో పెద్ద గెలుపు. దీనికి ఖర్చు కూడా పెద్దదే. చలికి దెబ్బతిన్న చేతులూ ఒంటితో నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. పూర్తిగా కోలుకోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. గెలుపు కథలు చెప్పేటప్పుడు ఈ రెండేళ్ల లైన్ సాధారణంగా ఎగిరిపోతుంది. చదువుతున్న మీరు మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోండి.

ఫార్ములా మారితే ఫలితం మారుతుంది

1912 టూర్ సంగతి పోటీ పరీక్షలు రాసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఆ ఏడాది క్రిస్టోఫ్ వరసగా మూడు స్టేజ్‌లు గెలిచాడు. అందులో ఆల్ప్స్ మీదుగా వెళ్లే ఒక స్టేజ్‌లో 300 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా ముందు తొక్కాడు. అయినా మొత్తం మీద రెండో స్థానమే దక్కింది. మొదటి స్థానం బెల్జియంకు చెందిన ఒడీల్ దెఫ్రాయ్‌ది.

ఎలాగంటే, అప్పుడు విజేతను గంటల లెక్కన తేల్చేవాళ్లు కాదు, పాయింట్ల లెక్కన తేల్చేవాళ్లు. స్టేజ్‌లో మొదట వస్తే ఒక పాయింట్, రెండో స్థానానికి రెండు... చివరికి తక్కువ పాయింట్లున్నవాడు విజేత. రెండోవాడికంటే మీరు ఒక్క సెకను ముందొచ్చినా, అరగంట ముందొచ్చినా తేడా ఒక్క పాయింటే. ఒంటరిగా కొండలు దాటి పోగేసుకున్న నిమిషాలకు విలువ లేదు. గుంపుతో పాటు చివరిదాకా వచ్చి ఆఖరి క్షణంలో స్ప్రింట్ కొట్టగలిగినవాడికి లాభం. క్రిస్టోఫ్‌కి స్ప్రింట్ పెద్దగా లేదు. పైగా వేరే జట్లలో ఉన్న బెల్జియం రైడర్లు కూడా తమ దేశంవాడికే సాయపడ్డారు. గడియారం లెక్క చూసుంటే చివరి స్టేజ్ మొదలయ్యేదాకా ముందున్నది క్రిస్టోఫే.

మరుసటి ఏడాది దెగ్రాంజ్ పాయింట్ల పద్ధతి తీసేసి టైమ్ లెక్క తెచ్చాడు. ఇక ఈసారి క్రిస్టోఫ్‌దే అని చాలామంది అనుకున్నారు. అనుకోవడానికి కారణమూ ఉంది.

టూర్మలే కింద

1913 జులై 9. ఆరో స్టేజ్, బాయాన్ నుంచి లూషాన్ వరకు 326 కిలోమీటర్లు. తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరారు. దారిలో పిరనీస్ పర్వతాల్లోని పెద్ద కనుమలన్నీ ఉన్నాయి. మొత్తం పోటీలో దెఫ్రాయ్ ముందున్నాడు, క్రిస్టోఫ్ అతనికి ఐదు నిమిషాల లోపు దూరంలో రెండో స్థానంలో ఉన్నాడు. ఎత్తు పెరిగేకొద్దీ దెఫ్రాయ్ వెనకబడి, చివరికి రేసు వదిలేశాడు. 2,115 మీటర్ల టూర్మలే శిఖరం దాటేటప్పటికి క్రిస్టోఫ్ ముందు ఒకే ఒక్కడు, ఫిలిప్ తీస్. ఇద్దరి మధ్య ఐదు నిమిషాలు. స్టేజ్‌లో తీస్ ముందున్నా, మొత్తం లెక్కలో ఆ క్షణాన టూర్ లీడర్ క్రిస్టోఫ్.

దిగుడు మొదలైంది. కాసేపటికి హ్యాండిల్ చేతిలో తేడాగా అనిపించింది. ఫోర్క్ విరిగింది. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని హ్యాండిల్‌కి కలిపే భాగం. పంక్చర్ అయితే అతికించుకోవచ్చు, చైన్ తెగితే కలుపుకోవచ్చు. ఫోర్క్ విరిగితే ఆ సైకిల్ ఇక తొక్కడానికి పనికిరాదు.

ఇక్కడ మెకానికల్ వాళ్లకు ఒక మాట. ఎస్-ఎన్ కర్వ్ చదివే ఉంటారు. ఒక లోహాన్ని దాని బలానికి లోపలే, కానీ లక్షలసార్లు అటూ ఇటూ లాగితే ఎక్కడో ఒక సన్నని పగులు పుట్టి మెల్లగా పెరుగుతుంది. రైలు ఇరుసులు ఇలా ఎందుకు విరుగుతున్నాయో జర్మనీలో వోలర్ అనే ఇంజినీర్ 19వ శతాబ్దంలోనే ప్రయోగాలు చేసి చూపించాడు. కంకర రోడ్ల మీద వేల కిలోమీటర్లు తిరిగే సైకిల్ ఫోర్క్ కూడా ప్రతి గుంతకూ వంగి లేస్తూ ఉంటుంది. పైకి ఏమీ కనిపించదు. విరిగే రోజున ఒక్కసారే విరుగుతుంది.

రూల్ ప్రకారం వేరే సైకిల్ తీసుకోకూడదు. ఎవరి సాయమూ తీసుకోకూడదు. క్రిస్టోఫ్ సైకిల్‌ను భుజాన వేసుకుని, రెండో చేత్తో చక్రం పట్టుకుని నడక మొదలుపెట్టాడు. పది కిలోమీటర్లకు పైనే. మధ్యలో మేకలు తిరిగే అడ్డదారులు కనిపిస్తే వాటిలో దిగాడు. తను వెనక వదిలేసి వచ్చిన రైడర్లంతా ఒక్కొక్కరే పక్కనుంచి దూసుకుపోతుంటే కోపంతో ఏడుపొచ్చిందని చాలా ఏళ్ల తర్వాత అతనే చెప్పుకున్నాడు.

కింద సెంట్ మరీ ద కాంపాన్ అనే ఊరు. అక్కడ కనిపించిన ఒక అమ్మాయిని అడిగితే ఊరి చివర కమ్మరి కొలిమి దాకా దారి చూపించింది. కమ్మరి మంచివాడు, తనే చేసిపెడతానన్నాడు. కానీ అప్పటికే రేసు అధికారులు, పోటీ కంపెనీల మనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. కొలిమి వాడుకోవచ్చు, ఇనుము తీసుకోవచ్చు, చేయి మాత్రం ఇంకెవరూ వేయకూడదు. అదీ షరతు.

ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో మీరు కూడా కొలిమి దగ్గర నిలబడి ఉంటారు. గుండ్రటి కమ్మీని కాల్చి, దాగలి మీద కొట్టి ఎస్ హుక్ చేయమని ఇస్తారు. అటెండర్ అన్న బొగ్గు రాజేసి, సగం పని చేసిపెట్టి, మన చేత నాలుగు దెబ్బలు కొట్టించి మార్కులు వేయిస్తాడు. ఆ నాలుగు దెబ్బలకే మన భుజం పట్టేస్తుంది. ఇప్పుడు ఊహించండి: తెల్లవారుజాము నుంచి కొండల మీద సైకిల్ తొక్కి, ఆపైన దాన్ని మోసుకుంటూ మైళ్లు నడిచి వచ్చినవాడు, ఒక ఇనుప గొట్టం ముక్క తీసుకుని, కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో అరగదీసి, విరిగిన ఫోర్క్‌కి సరిపోయేలా తయారుచేసి అతకాలి. కొలత ఏమాత్రం తేడా వచ్చినా చక్రం వంకర పోతుంది. ముందు ఇంకా దిగాల్సిన కొండలున్నాయి. అతుకు ఊడితే ఈసారి ప్రాణమే పోవచ్చు.

దాదాపు మూడు గంటలు పట్టింది. చూస్తూ నిలబడ్డవాళ్లకు ఆకలేసి, ఏమైనా తినొస్తామంటే, మీరు నాకు కాపలా కదా, ఆకలైతే బొగ్గులు తినండని కసిరాడని ఓ కథ ప్రచారంలో ఉంది. నిజంగా అన్నాడో లేదో గానీ, అంటే మాత్రం తప్పు పట్టలేం.

ఒకచోట రెండు చేతులూ చాలలేదు. ఒక చేత్తో ముక్కను పట్టుకుని, ఇంకో చేత్తో పని చేస్తుంటే కొలిమికి గాలి కొట్టేదెవరు? పక్కనున్న ఓ చిన్న కుర్రాడు తిత్తి ఊదాడు. అధికారులు అది రాసుకున్నారు. బయటి సాయం తీసుకున్నందుకు 10 నిమిషాల పెనాల్టీ. తర్వాత దాన్ని 3 నిమిషాలకు తగ్గించారు.

ఫోర్క్ బిగించుకుని, సైకిల్ ఎక్కి, ఇంకా మిగిలిన ఆస్పాన్, పేర్‌సూర్ద్ కనుమలు రెండూ దాటి లూషాన్ చేరాడు. తీస్ చేరిన 3 గంటల 50 నిమిషాల తర్వాత. అంత ఆలస్యంగా వచ్చినా అతని వెనక ఇంకా మనుషులున్నారు! పారిస్ చేరేసరికి మొత్తం మీద ఏడో స్థానం. ఆ టూర్ తీస్ గెలిచాడు.

ఆ పెనాల్టీ మీద ఈ రోజుకీ నవ్వుకుంటారు, తిట్టుకుంటారు. మూడున్నర గంటలు పోయినవాడికి మూడు నిమిషాలు ఒక లెక్కా అని. నిజమే. కానీ రూల్ వెనకున్న ఆలోచన పూర్తిగా పిచ్చిది కాదు. సాయం తీసుకోవచ్చు అంటే డబ్బున్న కంపెనీ ప్రతి మలుపులోనూ ఒక మెకానిక్‌ని, ఒక కొత్త సైకిల్‌ని పెట్టేస్తుంది. ఏ కంపెనీ అండా లేకుండా సొంత ఖర్చుతో వచ్చిన రైడర్ గతేం కావాలి? అందరికీ ఒకే కష్టం ఉండాలని దెగ్రాంజ్ వాదన. నాకు అభ్యంతరమల్లా వేరేచోట. రూల్ రాసినవాడు ఒక మనిషికి రెండే చేతులుంటాయన్న సంగతి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పరిస్థితి కళ్లముందు వచ్చినప్పుడు కూడా, అక్కడున్నవాళ్లు రూల్ పుస్తకాన్నే చూశారు.

ఇంకో కోణం కూడా చూడండి. మరుసటి ఏడాది, 1914లో, ఇదే తీస్ చక్రం పాడైతే రూల్‌కి విరుద్ధంగా కొత్త చక్రం తీసుకున్నాడు. 30 నిమిషాల పెనాల్టీ పడింది. అయినా 1 నిమిషం 50 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. పెనాల్టీ ఎంత, తన చేతిలో ఉన్న ఆధిక్యం ఎంత అని లెక్క చూసుకుంటే అది సరైన బేరం. క్రిస్టోఫ్‌కి ఆ బేరం ఆడే అవకాశమే రాలేదు. ఆ కొండ మీద కొనుక్కోవడానికి షాపు లేదు.

పసుపు జెర్సీ

1914 టూర్ ముగిసిన కొద్ది రోజులకే ఫ్రాన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్లింది. ఈ జాబితా మొదట్లో చదివిన పేర్లు గుర్తున్నాయా? ఫాబేర్ 1915లో, లాపీజ్ 1917లో యుద్ధంలో చనిపోయారు. పెటీ బ్రెటాన్ అదే 1917లో సైన్యంలో ఉండగా కారు ప్రమాదంలో పోయాడు. ముగ్గురూ టూర్ విజేతలే. క్రిస్టోఫ్ బతికి బయటపడ్డాడు. 1919లో టూర్ మళ్లీ మొదలయ్యేసరికి అతనికి 34 ఏళ్లు. మంచి వయసులో ఐదేళ్లు అలా పోయాయి.

ఆ టూర్ అసలు జరగడమే వింత. రోడ్లు ధ్వంసమయ్యాయి, టైర్లకు కరువు, బట్టలకు రంగు కూడా దొరకడం లేదు. సైకిల్ కంపెనీలన్నీ కలిసి ఒకే పేరు మీద రైడర్లను దింపాయి, చాలామందికి బూడిదరంగు జెర్సీలే. 15 స్టేజ్‌లు, 5,560 కిలోమీటర్లు, 67 మంది బయల్దేరారు. నాలుగో స్టేజ్ నుంచి ముందున్నది క్రిస్టోఫ్. దుమ్ము కొట్టుకుపోయిన ఆ గుంపులో లీడర్ ఎవరో జనానికి తెలియడం లేదు. దాంతో దెగ్రాంజ్ లీడర్‌కి ప్రత్యేకమైన రంగు ఇవ్వాలనుకున్నాడు. ఆయన పత్రిక అచ్చయ్యేది పసుపు కాగితం మీద. అలా జులై 19న గ్రెనోబుల్‌లో పదకొండో స్టేజ్ మొదలయ్యే ముందు క్రిస్టోఫ్ ఒంటి మీదికి మొదటి పసుపు జెర్సీ వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ప్రతి సైక్లిస్టూ కలగనే జెర్సీ అది. అప్పుడు మాత్రం దారి పొడవునా జనం కానరీ పిట్ట వచ్చిందని ఎగతాళి చేశారట. మొదట్లో వేసుకోవడానికి అతనికీ పెద్దగా ఇష్టం లేదు.

చివరినుంచి రెండో స్టేజ్. మెట్జ్ నుంచి డంకర్క్ వరకు 468 కిలోమీటర్లు. గెలిచినవాడికే 21 గంటలు పట్టిన స్టేజ్ అది. యుద్ధంలో నాశనమైన ఉత్తర ఫ్రాన్స్ మీదుగా, రాళ్లు పరిచిన రోడ్ల మీదుగా సాగింది. రెండో స్థానంలో ఉన్న ఫిర్మిన్ లాంబో కంటే క్రిస్టోఫ్ 28 నిమిషాలు ముందున్నాడు. పారిస్‌కి మిగిలింది ఇది, ఇంకొకటి. వాలెన్సియెన్ దగ్గర ఫోర్క్ విరిగింది.

అవును, మళ్లీ ఫోర్కే.

ఈసారి దగ్గర్లోనే సైకిళ్లు చేసే ఒక వర్క్‌షాప్ దొరికింది. పద్ధతి మాత్రం అదే. సొంత చేతులు, సొంత చెమట. గంటకు పైగా పట్టింది. దాని తర్వాత పంక్చర్లు. పసుపు జెర్సీ లాంబోకి వెళ్లిపోయింది. చివరికి 2 గంటల 26 నిమిషాలు వెనక, క్రిస్టోఫ్‌ది మూడో స్థానం. ఫలితాల పట్టికలో మొత్తం మిగిలింది పది మందే.

ఇక్కడ జరిగిన ఒక సంగతి నాకు బాగా నచ్చుతుంది. జనం ఊరుకోలేదు. పత్రికకు ఉత్తరాలు, డబ్బు పంపడం మొదలుపెట్టారు. లోటో అతని కోసం చందాల పుస్తకం తెరిచింది. కొద్ది ఫ్రాంకులు పంపినవాళ్ల నుంచి రోత్‌షీల్డ్ కుటుంబంలోని పెద్ద ధనవంతుడి దాకా పేర్లు రోజుల తరబడి అచ్చయ్యాయి. మొత్తం 13 వేల ఫ్రాంకులకు పైగా పోగైంది. విజేతకు ఇచ్చిన 5 వేల ఫ్రాంకుల బహుమతి కంటే రెండు రెట్లు ఎక్కువ. మీ రెజ్యూమెలో సర్టిఫికెట్ లేని పనిని కూడా ఎవరో ఒకరు చూస్తారన్నమాట. ప్రతిసారీ ఇలా జరుగుతుందని మాత్రం చెప్పను. 1913లో ఇంత జరగలేదు కదా!

ఆ తర్వాత

ఇక్కడితో ఆపేసి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. 35 ఏళ్లు, వెన్నునొప్పి. 1920 టూర్ ఆ నొప్పితోనే మధ్యలో వదిలేశాడు. కానీ అదే ఏడాది పారిస్-టూర్ రేసు గెలిచాడు, బోర్డో-పారిస్ గెలిచాడు. ఈ రెండోది రాత్రీ పగలూ కలిపి దాదాపు 600 కిలోమీటర్లు ఏకబిగిన తొక్కే రేసు. 1921లో దాన్ని మళ్లీ గెలిచాడు. టూర్ ఇవ్వనిది వేరే రేసులు ఇచ్చాయి. అతని గురించి రాసేవాళ్లు ఈ గెలుపుల్ని ఒక వాక్యంలో దాటేస్తారు. అన్యాయం అనిపిస్తుంది గానీ, నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను.

1922లో, 37 ఏళ్ల వయసులో, మళ్లీ పసుపు జెర్సీ వేసుకున్నాడు, కొద్ది రోజులే అయినా. ఆ టూర్‌లో ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమ దిగుతుండగా ఏమైందో ఈపాటికి మీరే చెప్పగలరు. మూడోసారి ఫోర్క్. మళ్లీ కిందిదాకా నడక. మొత్తం మీద ఎనిమిదో స్థానం. ఆ ఏడాది కూడా గెలిచింది లాంబోనే.

ఒకే భాగం, మూడుసార్లు, మూడూ టూర్‌లోనే. దీన్ని దురదృష్టం అని కొట్టిపారేయొచ్చు. నాకైతే ఇంకోటి కనిపిస్తుంది. అన్నేళ్లు, అన్ని కొండలు, అంత ముందు వరసలో తొక్కినవాడికే ఇన్నిసార్లు విరిగే అవకాశం వస్తుంది. రెండేళ్లు తొక్కి మానేసినవాడికి ఒక్కసారి కూడా విరిగి ఉండకపోవచ్చు.

చివరి టూర్ 1925లో. 40 ఏళ్లు నిండాక దిగి, 18వ స్థానంలో పూర్తి చేశాడు. మొత్తం పదకొండు టూర్లలో ఎనిమిదింటిని చివరిదాకా తొక్కాడు. 1926లో రేసులు మానేశాడు.

అతని పేరు సైకిల్ షాపుల్లో మాత్రం చాలాకాలం నిలిచింది. పెడల్ మీద పాదం జారకుండా పట్టుకునే టో క్లిప్‌లు, వాటి తోలు పట్టీలు క్రిస్టోఫ్ అన్న పేరుతోనే దశాబ్దాలపాటు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. ఫోర్క్‌తో అంత అనుభవం ఉన్నవాడి పేరు పెడల్ మీదికి ఎక్కడం కొంచెం వింతగానే ఉంటుంది.

1951లో సెంట్ మరీ ద కాంపాన్‌లో ఆ పాత కొలిమి ఉన్నచోట ఫలకం పెట్టారు. 66 ఏళ్ల క్రిస్టోఫ్ స్వయంగా అక్కడికి వెళ్లాడు. ఆ రోజు ఎలా చేశాడో కొలిమి దగ్గర నిలబడి చూపించాడు. ఫలకం మీద అతను ఆ టూర్ గెలవాల్సినవాడని, నడిచాడని, గంటలు పోగొట్టుకున్నా పోటీ వదల్లేదని రాశారు. తిత్తి ఊదిన కుర్రాడి సంగతీ, ఆ పెనాల్టీ సంగతీ అందులో లేవు. క్రిస్టోఫ్ 1970 ఫిబ్రవరి 1న, 85 ఏళ్ల వయసులో పారిస్‌లో చనిపోయాడు. టూర్మలే దిగి వచ్చే సైక్లిస్టులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఆగి, బాటిల్‌లో నీళ్లు నింపుకుని, ఆస్పాన్ వైపు తిరుగుతారు.